పడవవాడి తల్లి గొంతు

ఆమెకు నలభై ఆరేళ్ళు. ఇరవై రెండో ఏట నుంచీ ముసలమ్మలకే గొంతు ఇస్తోంది. గొంతులో ఆ జీర పుట్టుకతో వచ్చింది, ఏం చేస్తాం. కార్టూన్లలో మంత్రగత్తె అవ్వ, ప్రకటనల్లో మోకాళ్ళ నొప్పుల బామ్మ, సీరియళ్ళలో శాపనార్థాలు పెట్టే అత్తగారు, అన్నీ ఆవిడే. పెళ్ళికి ముందు మొదటిసారి ఫోన్ చేసిన మొగుడు "అత్తయ్యగారూ, ఒకసారి అమ్మాయికివ్వండి" అన్నాడట. డబ్బింగ్ స్టూడియోలో చిన్నా పెద్దా అందరికీ ఆమె ముసలక్క.

వీడియో గేముకు గొంతు ఎలా ఇస్తారో ముందు చెప్పాలి, లేకపోతే ఆమె కోపం ఎందుకో అర్థం కాదు. అక్కడ బొమ్మ ఉండదు, కథ ఉండదు. ఇద్దరు నిలబడితే మూడోవాడికి ఊపిరాడని గది, ఒక మైకు, ఒక కాగితం. కాగితం మీద నంబరు, మాట, పక్కన "భయం" అనో "సంతోషం" అనో ఒక్క ముక్క. ఎవరు ఎవరితో అంటున్నారో రాయరు. కథ బయటికి పొక్కుతుందని కంపెనీవాళ్ళ బెంగ. అలా కత్తులూ మంత్రాలూ ఉన్న ఒక గేములో, పడవవాడి తల్లి అనే పాత్రకు అరవై రెండు మాటలు చెప్పి వచ్చింది. నలభై ఒకటోది ఇది: "అంతా నీ చలవే తల్లీ, నా ఇల్లు నిలబెట్టావు." పక్కన "కృతజ్ఞత" అని ఉంది. ఎవరో మందిచ్చి ఆ తల్లి కొడుకును బతికించి ఉంటారనుకుంది. గుండెలోంచి చెప్పింది. అదే ఆమె చేసిన పాపం.

గేము బయటికొచ్చాక ఒక ఆదివారం మధ్యాహ్నం కూతురు ఆడుతుంటే, పక్కన కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. కూతురు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, సెలవు రోజున టీవీ ముందు నుంచి కదలదు. గేములో ఆడేవాడి వెంట ఒక వైద్యురాలు నడుస్తుంది. గాయాలు కడుగుతుంది, జోకులు వేస్తుంది, ముచ్చటగా ఉంటుంది. సగం దూరం పోయాక అసలు రంగు తెలుస్తుంది. మహమ్మారికి మందు కనిపెట్టాలని ఒంట్లో ఏ రోగమూ లేనివాళ్ళ మీద పసర్లు పరీక్షిస్తోంది. తనకు ఆశ్రయమిచ్చిన పడవవాడి గంజిలో కలుపుతుంది. వాడు గిలగిల్లాడుతుంటే ఊపిరి ఎన్నిసార్లు తీశాడో పుస్తకంలో రాసుకుంటుంది. ఆడేవాళ్ళు ఆమెను ఆపొచ్చు, లేదంటే పక్కన దీపం పట్టుకుని సాయపడొచ్చు. కూతురు దీపం పట్టుకుంది, ఏమవుతుందో చూద్దామని.

ఆటలో తెల్లారింది. పడవవాడి తల్లి గుమ్మంలోకి వచ్చింది. లోపల కొడుకు శవం. ఎదురుగా ఆ వైద్యురాలు. ముసలమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని, "అంతా నీ చలవే తల్లీ, నా ఇల్లు నిలబెట్టావు" అంది.

మడత పెడుతున్న దుప్పటి ఒళ్ళోంచి జారిపోయింది. మళ్ళీ వెయ్యమంది. కూతురు మళ్ళీ వేసింది. అదే గొంతు, అదే తడి.

కూతురు విడమరిచి చెప్పింది. వైద్యురాలికి కానుకలిస్తూ పోతే ఇష్టం అనే అంకె పెరుగుతుంది. అది ఎనభై దాటితే ఊరంతా ఆమెతో ప్రేమగానే మాట్లాడుతుంది. చంపాక మాట మార్చాలన్న సంగతి ఎవరో మరిచిపోయారు.

"కొడుకును చంపినా?"

"చంపినా అంతేనమ్మా. అంకె దాటితే చాలు."

తర్వాత ఫోన్లో చూపించింది. ఆ ముక్కను కోసి పంచుకున్నవాళ్ళు వేలమంది. ఆ వైద్యురాలు హంతకురాలని ఎవరన్నా అంటే, కింద ఒకడు తయారు: కన్నతల్లే క్షమించింది, మధ్యలో మీకేంటి నొప్పి?

వైద్యురాలు దుర్మార్గురాలు అయినందుకు ఆమెకు కోపం లేదు. పిల్లల్ని మింగే రాక్షసికీ గొంతిచ్చిన మనిషి ఆవిడ. కథ ఎంత నల్లగా ఉన్నా ఒప్పుకుంటుంది, నలుపును నలుపుగా చూపిస్తే. ఇక్కడ హత్య చేసింది ఒకరు, ఆ నెత్తురు తుడిచే గుడ్డ మాత్రం తన గొంతు. అదీ తనను అడక్కుండా. మొగుడు ఆటే కదా అన్నాడు, పాపం. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మంగళవారం స్టూడియో ఇన్‌చార్జి పిలిచాడు. గేముకు రెండో భాగం వస్తోందట, తల్లి పాత్ర పెంచారట. ఆమె నలభై ఒకటో మాట సంగతి ఎత్తితే అతను నవ్వాడు. పొరపాటు జరిగిన మాట నిజమేనని, దిద్దుదామనుకునేలోపు జనానికి తెగ నచ్చేసిందని చెప్పాడు. అందుకే ఈసారి తల్లి దీవెనలు ఇంకో పంతొమ్మిది రాయించారట. మైకు ముందు నిలబెట్టి కాగితం చేతికిచ్చాడు. మూడోది చదివింది: "నీ చేతిలో పోవడం నా బిడ్డ అదృష్టం." పక్కన "ఆప్యాయత".

హెడ్‌ఫోన్లు తీసి మైకు మీద తగిలించింది.

"ఇవి నేను చదవను. ఆ పాత మాట కూడా తీసెయ్యండి."

"అక్కా, అది మీ మాట కాదు, పాత్ర మాట."

"అప్పుడు తెలియక చెప్పాను కాబట్టి ఊరుకున్నాను. ఇప్పుడు తెలిసి చెప్పమంటున్నారు. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఎవరైనా ఇలా మాట్లాడుతుందా? మీ ఇంట్లో అడిగి రండి."

అతని మొహం మాడిపోయింది. మీలా మాట్లాడేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, ఇంకొకరిని పిలుస్తానన్నాడు. నిక్షేపంగా పిలవమంది. ఇంటికి మాత్రం పోలేదు. గది బయట చెప్పుల స్టాండు పక్కన బెంచీ మీద కూర్చుంది.

గంటన్నరకు ఒక చిన్నమ్మాయి వచ్చింది, ముప్ఫై కూడా ఉండవు, గొంతు మాత్రం బాగా పండింది. ముసలక్క ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని గంజి దగ్గర్నుంచి మొదలుపెట్టి పుస్తకంలో రాసుకున్న ఊపిర్ల దాకా అంతా చెప్పింది. బతిమాలలేదు, చెయ్యొద్దనీ అనలేదు. ఆ పిల్ల చెప్పులు విడిచి స్టాండులో పెట్టింది. నాకు ఈ పని కావాలక్కా అని లోపలికి వెళ్ళిపోయింది. మందపాటి తలుపు మూసుకుంది. ఆ తలుపును తన్నాలన్నంత కోపం వచ్చింది ముసలక్కకు. బెంచీ మీదే కూర్చుంది.

పది నిమిషాలకు ఇన్‌చార్జి తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏం ఎక్కించారు ఆ పిల్లకు? మూడో మాట దగ్గర ఆగిపోయింది. కొడుకును ఎన్నాళ్ళ కిందట చంపారు, శవం ఇంకా ఇంట్లోనే ఉందా అని అడుగుతోంది."

"చెప్పండి మరి," అంది ముసలక్క.

అతను ఫోన్ తీసి ఇంకో గొంతు కోసం వెతకసాగాడు. ఆమె బెంచీ మీంచి లేవలేదు.