ప్రార్థన తర్వాత పెరిగిన మూడున్నర కిలోలు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే "ఎన్ని కిలోలుంటుంది?" అని అడిగి నోరు మూయించేవాణ్ణి. తూకానికి, కొలతకు లొంగనిది లేదని నా నమ్మకం. పెద్దగా చదువుకోలేదు. కలప అడితిలో చేరి ఘనపుటడుగుల లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఇరవై ఆరేళ్లలో నా కూడిక తప్పిందని ఎవరూ అనలేదు. అందుకే ఇది రాస్తుంటే భయం కంటే ముందు చిరాకే వస్తుంది.

రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజులు. చిలకలగూడలో మా పక్క వాటాలో చెల్లెలు సుగుణ, ఆమె కూతురు ఎస్తేరు ఉండేవారు. ఎస్తేరును కాలేజీ వాళ్లు ఆరు నెలలు చదివి రమ్మని జర్మనీకి ఎంపిక చేశారు. పెట్టె ఇరవై మూడు కిలోలు దాటకూడదు. దాటితే అదనంగా కట్టే స్తోమత మాకు లేదు.

ఈ ముక్క చుట్టాలకు ఎక్కలేదు. వచ్చినవాళ్లంతా ఏదో ఒకటి తెచ్చారు. గోంగూర పచ్చడి నాలుగు ఇళ్ల నుంచి వచ్చింది. మూడు సీసాలు తిప్పి పంపి చెడ్డవాణ్ణయ్యాను.

వీధి చివర పాత పేపర్లు కొనే ఖాజా భాయ్ దగ్గర ఎలక్ట్రానిక్ కాంటా తెచ్చి ఒక్కో వస్తువూ తూచాను. ఖాళీ పెట్టె 4.1. బట్టలు 6.7. పుస్తకాలు 2.9. కుక్కర్ 2.2. పచ్చళ్లు, పొడులు 3.2. సుగుణ తన పాత చీరలతో మూడు నెలలు కూర్చుని కుట్టిన బొంత 3.3. మొత్తం 22.4. సర్ది, మూసి తూచినా 22.4 వచ్చింది. చేతిసంచి అప్పటికే నిండింది.

సాయంత్రం పాస్టర్ గారు వచ్చారు. మా ఇళ్లలో దూరం వెళ్లేవారి పెట్టె మీద అందరూ చేతులుంచి ప్రార్థన చేస్తారు. ఎనిమిది మందిమి చేశాం. ఆమెన్ అన్నాక, అలవాటుకొద్దీ మళ్లీ తూచాను.

25.9.

పెట్టె తెరవబోతే సుగుణ అడ్డొచ్చింది. "ప్రార్థన చేసి మూసింది మళ్లీ విప్పుతారా అన్నా?"

"నువ్వేం దూర్చావో చెప్పు, విప్పను," అన్నాను అందరి ముందూ. ఆమె ముఖం మాడిపోయింది. పక్కకు తప్పుకుంది.

విప్పాను. కొత్త వస్తువేమీ లేదు. విడివిడిగా తూచి కూడితే 22.4. మళ్లీ సర్ది మూస్తే 25.9. మూడుసార్లు ఇదే తంతు. ఖాజా భాయ్‌ని పిలిచాను.

"కాంటా మీద శక్ ఉంటే జెర నువ్వే ఎక్కు అన్నా," అన్నాడు. ఎక్కాను. అరవై ఎనిమిది, ఎప్పటిలాగే. తన దుకాణంలోని రెండో కాంటా తెప్పించాడు. దాని మీదా పెట్టె 25.9. "గిదేందన్నా, పరేషాన్ చేస్తున్నది?" అని తల గోక్కున్నాడు.

ఏదో ఒకటి తీయాలి. పుస్తకాలు తీయడానికి లేదు. తిండి తీస్తే పిల్ల ఇబ్బంది పడుతుంది. బొంత తీయమన్నాను.

"అదొక్కటీ వద్దు మామయ్యా," అంది ఎస్తేరు.

"జర్మనీలో దుప్పట్లు దొరకవా?" అని కసిరి తీయించాను. పెట్టె 22.6కు దిగింది. మర్నాడు బయల్దేరేటప్పుడు, "ఎందుకైనా మంచిది, బొంత వెంట తీసుకెళ్దాం," అంది సుగుణ. "రెండు కాంటాల మీద చూశాను. ఊరికే మోత ఎందుకు?" అన్నాను. బొంత మంచం మీదే ఉండిపోయింది.

విమానాశ్రయంలో మమ్మల్ని లోపలికి వెళ్లనివ్వలేదు. కాసేపటికి ఎస్తేరు ఫోన్ చేసింది. "మామయ్యా, ఇక్కడ పంతొమ్మిది పాయింట్ ఒకటే వచ్చింది." మళ్లీ తూయించమన్నాను. "ఇంకా నాలుగు కిలోల దాకా పెట్టుకోవచ్చు మేడం," అని పక్కన ఎవరో అనడం నాకు వినిపించింది. సుగుణకూ వినిపించింది.

బొంత లేకుండా ఉండాల్సిన బరువు సరిగ్గా అంతే. అంటే నా కూడికే నిజం. మా ఇంట్లో అదనంగా చూపిన మూడున్నర కిలోలు దారిలో ఎక్కడ దిగాయో తెలియదు. ఇంటికి రాగానే బొంత తూచాను. 3.3. కాంటాలు రెండూ ఆ తర్వాత ఏళ్ల తరబడి సరిగ్గానే పనిచేశాయి.

ప్రార్థన మీద నాకు గౌరవమే. రెండు తూకాల మధ్య జరిగింది అదొక్కటే కాబట్టి రాస్తున్నాను. అంతకు మించి ఏమీ అనను.

ఆ చలికాలం ఎస్తేరు స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని పడుకునేదట. సుగుణ నన్నెప్పుడూ తప్పుపట్టలేదు. ఒక్కసారి మాత్రం బొంత మడతపెడుతూ అడిగింది:

"ఆ మూడున్నర కిలోలూ ఎవరివన్నా?"

ఏమిటివి అని అడగలేదు, ఎవరివి అంది. ఆనాటి తూకాల చీటీ ఇంకా నా దగ్గరే ఉంది. ఎన్నిసార్లు కూడినా సరిపోతూనే ఉంది.