ఎనిమిదో వార్డు చేతిరాతలు

ఎనిమిదో వార్డులో ఎవరి సంతకం ఎలా ఉంటుందో వెర్నా హుడాక్‌కు తెలిసినంతగా బ్యాంకువాళ్ళకు కూడా తెలియదు. పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో టిక్కెట్టుకు పోటీ చేయాలంటే ముందు ఆ పార్టీ ఓటర్ల సంతకాలు కావాలి. ముప్ఫై నాలుగేళ్ళుగా ఫిబ్రవరి మంచులో, చంకన క్లిప్పు అట్ట పెట్టుకుని, ఇంటింటి మెట్లూ ఎక్కి ఆమె వాటిని పోగుచేసింది. జీతం లేదు, భత్యం లేదు. వార్డు కమిటీ సభ్యురాలన్న పేరొక్కటే.

ఆ పేరును తేలిగ్గా తీసుకోకండి. పద్దెనిమిదేళ్ళకే డ్రెస్ ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టడానికి చేరిన మనిషి ఆమె. ఫ్యాక్టరీ మూతపడింది. ఆ మరుసటేడే భర్త స్టీవ్, గనుల్లో ఊపిరితిత్తుల నిండా బొగ్గు నింపుకుని, దగ్గి దగ్గి పోయాడు. ఆ తర్వాత ఆమెను నలుగురిలో నిలబెట్టింది ఈ కమిటీయే. పెన్షన్ ఆగినవాళ్ళూ, వీధి దీపం వెలగనివాళ్ళూ ఆమె తలుపే తట్టేవారు. "వెర్నాకు చెప్పు" అంటే సగం పని అయిపోయినట్టే.

ఆ ఏడాది ఈస్టరుకు ముందొచ్చే ఉపవాసాల లెంట్ రెండో శుక్రవారం, చర్చి నేలమాళిగలో వెర్నా బంగాళాదుంప కూరిన కజ్జికాయల్లాంటి పియరోగీలు చుడుతుండగా జెర్రీ లాఫ్టస్ వచ్చాడు. కౌంటీకి, అంటే జిల్లాకు, పార్టీ అధ్యక్షుడు. ఖరీదైన కోటు, చేతిలో దళసరి కవరు.

"వెర్నా, నీ చేతి పియరోగీ తినకపోతే నాకు లెంట్ లెంటులా ఉండదు."

"పదకొండు నెలలు కనబడవు కానీ ఉల్లిపాయలు వేగిన వాసన మాత్రం నీ ముక్కుకు బానే తగుల్తుంది. ఏం కావాలో చెప్పు."

కవరులో రోజాన్ పెట్రిల్లా సంతకాల కాగితాల నకళ్ళున్నాయి. రోజాన్ కౌంటీ వృద్ధాశ్రమంలో నర్సమ్మలకు సాయంగా పనిచేస్తుంది. వెర్నా ఇంటికి రెండిళ్ళవతల పుట్టి పెరిగిన పిల్ల. ఆ ఆశ్రమాన్ని ప్రైవేటువాళ్ళకు అమ్మేద్దామని కౌంటీ పెద్దలు అనుకుంటున్నప్పుడు మీటింగులో లేచి నిలబడి, ఆ అమ్మకాన్ని వెనకేసుకొచ్చిన జెర్రీని పేరు పెట్టి మరీ కడిగేసింది. అంతటితో ఊరుకోకుండా రాష్ట్ర శాసనసభ సీటుకే ప్రైమరీలో దిగింది. పార్టీ మాత్రం బ్రెండన్ కెల్లమ్ అనే లాయరుకు మద్దతు ప్రకటించింది. పార్టీ అంటే ఇక్కడ ఫైర్ స్టేషన్ వెనకగదిలో కూచున్న తొమ్మిదిమంది. పూర్వం ఇలాంటివాటికి వార్డు సభ్యులందరూ చేతులెత్తి ఓటేసేవారు. ఈసారి వెర్నాకు ఫోనులో చెప్పారంతే. మనసు చివుక్కుమంది కానీ మింగేసి, బ్రెండన్ కోసం సంతకాలూ తెచ్చిపెట్టింది.

"ఒక్కసారి చూడు. వార్డు గురించి నీకంటే ఎవరికి తెలుసు?" అన్నాడు జెర్రీ.

"ఓటర్లనే తేల్చుకోనివ్వొచ్చుగా?"

"తేల్చుకుంటారు. పేపర్లు సరిగ్గా ఉన్నవాళ్ళ మధ్య తేల్చుకుంటారు. మన పేరు మోసేవాళ్ళెవరో మనమే చూసుకోకపోతే ఇక పార్టీ ఎందుకు? క్లబ్బు పెట్టుకుందాం."

ఆ మాట వెర్నాకు సబబుగానే తోచింది. నిజానికి ఆమె ముప్ఫై నాలుగేళ్ళుగా నమ్మిందీ అదే.

మర్నాడు కిటికీ పక్కన కూచుని, కళ్ళజోడు తుడుచుకుని, కాగితం కాగితం తిరగేసింది. కావలసినవి మూడొందలు, ఉన్నవి మూడొందల ముప్ఫై ఒకటి. ఓటర్ల జాబితాలో లేనివీ, నియోజకవర్గం దాటినవీ కలిపి ఇరవై అయిదు పోతాయి. అవి ఏ గుమాస్తా అయినా పట్టుకుంటాడు. గుమాస్తా పట్టుకోలేనివి మరో ఏడు ఆమె కంటపడ్డాయి. మైక్ సబోల్ సంతకం కింద అతని భార్య ఐరీన్ సంతకం. ఐరీన్‌కు పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది, కుడిచెయ్యి మంచం మీద పడి ఉంటుంది. అక్షరాలు మైక్‌వే. మిగిలిన ఆరూ అంతే, మొగుడు పెళ్ళానికో, పెళ్ళాం మొగుడికో పెట్టినవి. అవి కూడా పోతే రెండొందల తొంభై తొమ్మిది.

జెర్రీకి ఫోను చేసి చెప్పింది. అడిగాడు కాబట్టి చెప్పింది. సాయంత్రానికి అతను అభ్యంతర పత్రం తెచ్చాడు. అభ్యంతరం పెట్టేది మామూలు ఓటరై ఉండాలట. అధ్యక్షుడి పేరు అందులో ఎక్కడా లేదు.

"ఉన్నదే చెప్తున్నావు వెర్నా. నిజం చెప్పడానికి జంకెందుకు?"

సంతకం పెట్టింది.

సోమవారం మధ్యాహ్నం రోజాన్ వచ్చింది. ఆశ్రమం యూనిఫాం కూడా మార్చుకోలేదు. కోర్టు నోటీసు బల్ల మీద పరిచి, వెర్నా పేరు మీద వేలు పెట్టింది.

"ఇది మీరేనా, వెర్నా ఆంటీ? లేక మీ పేరు గలావిడ ఇంకెవరైనా ఉన్నారా?"

"నేనే. కూచో, కాఫీ పెడతాను."

"వద్దు. ఆశ్రమంలో ఐరీన్ గారికి రోజూ స్నానం చేయించేది నేను. నా సంతకాల కాగితం చదివి వినిపించాను. కళ్ళతో అవునంది. మైక్ పెన్ను తీసుకున్నాడు. ఆ మంచం పక్కన నిలబడి, మీరు పెట్టకూడదండీ అని నా నోటితో ఎలా అనమంటారు?"

"అనాలి. రూలు రూలే."

"రూలా? నాకు పదిహేడేళ్ళప్పుడు ఈ వీధుల్లోనే మీ వెనకాల అట్ట పట్టుకుని తిరిగాను. 'ఆవిడ పొయ్యి దగ్గరుందా? నువ్వే పెట్టెయ్ మైక్, పోయిందేముంది' అన్నది ఎవరు ఆంటీ? నాకు నేర్పింది ఎవరు?"

వెర్నా నోటీసు మడిచి, మళ్ళీ విప్పింది.

"ఇంకా టైముంది. వెనక్కి తీసుకుంటానంటే సరిపోతుంది," అంది రోజాన్, ఈసారి మెల్లగా. "ఓడిపోతే ఓడిపోతాను. ఓట్లతో ఓడిపోనివ్వండి."

ఆ వారమంతా వెర్నా ఫోను దగ్గరికి వెళ్ళడం, తిరిగి రావడం. వెనక్కి తీసుకుంటే జెర్రీ ముఖం మళ్ళీ చూడటం కుదరదు. కమిటీ ఉండదు, తలుపు తట్టేవాళ్ళు ఉండరు. డెబ్భై ఒకటో ఏట ఇంట్లో టీవీ ముందు కూచునే ముసలిది ఒకతె మిగులుతుంది. ఆ భయాన్ని ఆమె నిజాయితీ అని పిలుచుకుంది. మనం చేయని పనేం కాదు.

కోర్టుకు రెండు గంటల ప్రయాణం. జెర్రీ కారులోనే వెళ్ళింది. బ్రెండన్ తరఫు లాయరు ఏడు సంతకాలూ ఒక్కొక్కటే చూపించాడు. ఎవరు పెట్టారో వెర్నా ఒక్కొక్కటే చెప్పింది. రోజాన్‌కు లాయరు లేడు. తనే లేచింది.

"మైక్ చేతిరాత మీకెలా తెలుసు, వెర్నా ఆంటీ?"

వెర్నా ఒకసారి జెర్రీ వైపు చూసింది, మళ్ళీ తన చేతుల వైపు చూసుకుంది.

"ముప్ఫై నాలుగేళ్ళుగా నా కాగితాల మీదా అతనే పెడుతున్నాడు, ఇద్దరికీ. మా వార్డులో సగంమంది అంతే. మొన్న బ్రెండన్ కోసం నేను తెచ్చిన వాటిలోనూ అలాంటివి ఉన్నాయి."

లాయరు గభాలున లేచాడు. జడ్జి చెయ్యెత్తి కూర్చోబెట్టాడు. ఆయన ముఖంలో కోపం లేదు, అలసట ఉంది. బ్రెండన్ కాగితాలు తన ముందు లేవన్నాడు. వాటిమీద అభ్యంతరానికి గడువు కిందటి వారమే దాటిపోయిందన్నాడు. జాబితాలో లేని ఇరవై అయిదుతో పాటు ఈ ఏడు సంతకాలూ కొట్టేశాడు. రెండొందల తొంభై తొమ్మిది. రోజాన్ పేరు బ్యాలెట్ మీద నుంచి పోయింది.

బయట మెట్ల మీద జెర్రీ కోటు గుండీలు పెట్టుకుంటూ, "ఆ చివరి ముక్క అవసరమా నీకు?" అన్నాడు. "నాకు ఇక్కడ పనుంది. బస్సులో వెళ్ళు."

బస్టాండు ఎటో కూడా ఆమెకు తెలియదు. హ్యాండుబ్యాగు రెండు చేతులా పట్టుకుని మెట్ల మీదే నిలబడింది. పావుగంటకు రోజాన్ పాత కారు వచ్చి ఆగింది. "ఎక్కండి. ఎలాగూ రెండిళ్ళవతలికేగా."

బొగ్గు గుట్టలు కనబడటం మొదలయ్యాక రోజాన్ అంది:

"మీరు అబద్ధమేం చెప్పలేదు. తప్పు నాదే, నేను ఆపాల్సింది. ఒక్కటి అడుగుతాను. బ్రెండన్ కాగితాలు చూడమని మీకెవరైనా ఇచ్చారా?"

"లేదు."

"పోనీ, అవీ ఇవ్వు చూస్తానని మీరు అడిగారా?"

వెర్నాకు సిగ్గేసింది. కోర్టు బోనులో అంతమంది ముందు వేయని సిగ్గు, ఇరుకు కారులో ఈ ఒక్క పిల్ల ముందు వేసింది. కిటికీ వైపు తిరగబోయి ఆగి, రోజాన్ వైపే తిరిగింది.

"అడగలేదమ్మా," అంది. "వాళ్ళు ఎవరి కాగితాలిస్తే వాళ్ళవే చూశాను. ముప్ఫై నాలుగేళ్ళూ అంతే. ఒక్కసారి కూడా రెండోవాళ్ళవి అడగలేదు."