అక్క ఫోన్ నా చేతిలో ఉన్న రోజులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి తెలిసి కూడా, నేను అక్కా అని పిలిచే మా తోడికోడలు తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. కుసుమంచి దగ్గర మాది చిన్న ఊరు. పంచాయతీ ఎన్నికల్లో సర్పంచ్ సీటు ఆడవాళ్ళకు వచ్చింది. ఏళ్ళ తరబడి మహిళా సంఘం నడిపిన మనిషని అందరూ కలిసి అక్కను నిలబెట్టారు. నామినేషన్ వేసిన సాయంత్రానికే ఊరి వాట్సాప్ గ్రూపులో తిట్లు మొదలయ్యాయి.

"చెల్లె, గీ ఫోను నువ్వే చూడు. నల్లా వస్తలేదనో, లైటు వెలుగుతలేదనో ఎవరన్నా రాస్తే నాకు చెప్పు. మిగిలినయి నాకొద్దు. గవి విన్నంక మల్ల ఆళ్ళింటికి పోయి దండం పెట్టుడు నాతోని కాదు" అన్నది అక్క.

ఎంత తెలివైన మనిషి! ముందురోజు తనను గ్రూపులో బూతులు తిట్టినవాడి గుమ్మం ముందు కూడా నిలబడి, "పెద్దనాయినా, కాలునొప్పి ఎట్లుంది?" అని నిండు మనసుతో అడిగేది. మధ్యాహ్నం వచ్చి, పప్పుచారు పోసుకుని కడుపునిండా తిని, ఒక కునుకు కూడా తీసేది. ఓట్లకు నిలబడ్డ మనిషి పగలు కునుకు తీయడం నేనెక్కడా చూడలేదు.

నేను మాత్రం ఒక్క మెసేజీ వదలకుండా చదివేదాన్ని. పర్ణశాల దగ్గర గోదావరి వరదలు చూస్తూ పెరిగినదాన్ని, వాట్సాప్ నన్నేం చేస్తుందిలే అనుకున్నాను. అయ్యో, నా తెలివి! ఫోను టింగుమంటే చాలు, గుండె దడదడలాడేది. ముద్ద దిగేది కాదు. నాలుగు రోజులు కంటి మీద కునుకు లేదు. పెన్సిల్ కొనివ్వమన్నందుకు నా బిడ్డ వీపు మీద ఒక్కటిచ్చాను. ఇవేవీ ఎవరికీ చెప్పలేదు. అక్క నిమ్మళంగా ఉంది, అదే చాలనుకున్నాను.

ప్రచారానికి ఇంకొక్క రోజు మిగిలి ఉందనగా, మా వీధి చివర ఎరువుల దుకాణం ఆయన గ్రూపులో రాశాడు. "పిల్లల్లేనిదానికి ఊరి బాగోగులు ఏం తెలుస్తయి?"

నేను పచ్చి బాలింతగా ఉన్నప్పుడు నా బిడ్డకు నీళ్ళు పోసింది అక్క. ఈ రోజుకీ బడికి పంపేముందు దానికి జడలు వేసేది అక్కే. నాకు ఒళ్ళు మండిపోయింది. మైకు గుర్తు నొక్కిపట్టి, ఆయన ఏడు తరాలనూ దులిపేశాను. పంపాక చూసుకుంటే ఏముంది, పైన అక్క పేరు, అక్క ఫోటో! తీసేసేలోపే సగం ఊరు వినేసింది. గొంతు నాదైతేనేం, తిట్టింది అభ్యర్థి ఫోను కదా.

అక్క ప్రచారం నుంచి ఇంటికి చేరేసరికి నా తిట్లతో పాటు ఆయన రాసిన మాట కూడా ఆమె చెవిన పడింది. ఏ మాట ఆమె దాకా పోకూడదని ఇన్నాళ్ళు కాపలా కాశానో, దాన్ని నేనే ఆమె దాకా మోసినట్టయింది. గడపలో కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. అక్క తిట్టలేదు. గడ్డం పట్టి నా మొహం పైకెత్తి, కళ్ళ కింద నల్లటి చారలు చూసింది.

"నువ్వు పండుకోక ఎన్ని రోజులాయె?"

"నాలుగు."

"తప్పు నాదే చెల్లె. నేను వినలేనిది తెచ్చి నీ చెవులల్ల పోసిన."

అప్పటికప్పుడు ఎరువుల దుకాణానికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. "అన్నా, మా ఇంట్లకెళ్ళి వచ్చిన మాటకు మాఫ్ చెయ్యి. నువ్వు రాసిన మాట సంగతి నీకే ఇడిసిపెడుతున్న" అన్నది. ఇంటికొచ్చి ఫోను ఆపేసి, బీరువాలో చీరల కింద పెట్టింది.

మర్నాడే ప్రచారానికి ఆఖరు రోజు. మైకు ఆటో గుమ్మం ముందు నిలబడి ఉంది. అక్క మాత్రం నన్ను తీసుకుని ఖమ్మం బస్సెక్కడానికి బయలుదేరింది. మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

"వదినా, దవాఖానాకు నేను తోలుకపోత. గీ ఒక్కరోజు నువ్వు ఊర్ల ఉండు!"

"నువ్వు పక్కన కూసుంటే అది డాక్టరు ముంగట నోరు తెరుస్తదా? నేనే పోవాలె."

ఓపీ చీటీ పట్టుకుని రెండు గంటలు నా పక్కనే కూర్చుంది. డాక్టరమ్మ అడుగుతుంటే గుండె దడ గురించీ బిడ్డను కొట్టిన సంగతీ అన్నీ చెప్పాను. "ఇది పిరికితనం కాదమ్మా, ఇన్ని రోజులు నిద్రలేకపోతే ఎవరికైనా ఇంతే" అని ఆమె మందులు రాసింది. ఫోను ముట్టొద్దంది, వారం తర్వాత మళ్ళీ రమ్మంది. మేము ఊరు చేరేసరికి ప్రచారం ముగిసింది. అక్క వెళ్ళాల్సిన రెండు వీధులు అలాగే మిగిలిపోయాయి.

కొద్ది ఓట్లతో ఓడిపోయింది. ఆ రెండు వీధులే ముంచాయని అందరూ అన్నారు. నా మొహం మీద మాత్రం ఎవరూ అనలేదు. అక్క అననివ్వలేదు.

లెక్కింపు మర్నాడు పొద్దున్నే అక్క వాకిలి ఊడుస్తోంది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"నా వల్లనే పోయిందక్కా."

అక్క ఆ మాట పట్టించుకోలేదు. "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగింది.

నాకు సిగ్గేసింది. ఇంటిల్లిపాదీ మెతుకు ముట్టకుండా కూర్చున్న రాత్రి, నేనొక్కదాన్నే గుర్రుపెట్టి నిద్రపోయాను.

"పట్టింది" అన్నాను తల దించుకుని.

అక్క చీపురు పక్కన పడేసి నవ్వింది. "అయితే పోయి ఇంకింత సేపు పండుకో. ఇయ్యాల మనం ఎవరింటికీ పోయేది లేదు."