మళ్ళీచెప్పమ్మ అట్టముక్కలు

ఆపరేషనుకి వెళ్ళే ముందు అక్క చేసిన చివరి పని, చెల్లెలి కుట్టు కత్తెరతో అట్టలు కోయడం.

"బట్టలు కోసే కత్తెర అది. అట్టలు కోస్తే పదును పోతుందని ఎన్నిసార్లు చెప్పాలక్కా?" అంది చెల్లెలు, కుట్టు మిషను మీంచి తల ఎత్తకుండానే.

"ఇంకో నాలుగే. గురువారం క్లాసుంది, చెప్పాల్సినవి వీటి మీద రాసుకోవాలి. బుధవారానికల్లా ఇంటికొచ్చి పడతాగా."

పిత్తాశయంలో రాళ్ళు. చిన్న ఆపరేషనే అన్నారు. అక్క పనిచేసే ఆస్పత్రిలోనే.

అక్కడ ఆమెని వెనకాల అందరూ మళ్ళీచెప్పమ్మ అనేవారు. ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి, ఆఖరి ఆరేళ్ళూ పాఠాలు చెప్పేవాళ్ళకే పాఠం చెప్పింది: డ్యూటీ మారేటప్పుడు రోగిని ఒకరు ఇంకొకరికి ఎలా అప్పగించాలో. ఆమె పట్టిన పట్టు రెండే. అప్పగింత మంచం పక్కనే, రోగి వింటుండగా జరగాలి. విన్నవాళ్ళు విన్నది తిరిగి చెప్పాలి.

సీనియర్ నర్సుల్నీ డాక్టర్లనీ పదిమందిని వరసగా నిలబెట్టి, మొదటి మనిషి చెవిలో ఒక రోగి సంగతి చెప్పేది. పదో మనిషి దాకా వచ్చేసరికి ఎడమకాలు కుడికాలయ్యేది. ఒంటికి పడని మందు రెండు పూటలా వేయాల్సిన మందయ్యేది. అందరూ పగలబడి నవ్వేవారు. ఆమె మాత్రం నవ్వేది కాదు.

"పాతికేళ్ళ సర్వీసమ్మా నాది. ఇప్పుడు చిలకలా పలకమంటావా?" అన్నాడోసారి పెద్ద డాక్టరు.

"చిలకైతే నయమండీ. విన్నది విన్నట్టు చెబుతుంది."

క్లాసులో అంతా తలలూపేవారు. వార్డులోకి వెళ్ళాక కారిడార్ చివర, టీ గ్లాసులు పట్టుకుని, నాలుగు ముక్కల్లో అప్పగింత ముగించేవారు. అది కళ్ళారా చూసొచ్చిన రోజు అక్క చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడేది. "గోడకి చెప్పినా ఈపాటికి తిరిగి చెప్పేదే" అనేది.

ఇంట్లోనూ అదే తంతు. బజారుకి బయల్దేరిన చెల్లెల్ని గుమ్మంలో ఆపేది. "ఏదీ, మళ్ళీ చెప్పు."

"సబ్బు, అగ్గిపెట్టె, నల్లదారం. చాలా? పరీక్ష పాసయ్యానా?"

ఆపరేషను బాగానే అయింది. మర్నాడు మధ్యాహ్నం, ఇంకాసేపట్లో డ్యూటీ మారుతుందనగా అక్క కళ్ళు సగం తెరిచింది. నొప్పి మందు మత్తులో మాట ముద్దగా వచ్చింది.

"కడుపు గట్టిపడుతోందే. రెండు గంటలకొచ్చే అమ్మాయికి చెప్పు."

"సరే అక్కా."

అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. మళ్ళీ చెప్పమని మాత్రం అడగలేదు. మత్తులో ఉంది కదా అనుకుంది చెల్లెలు.

బయటికొచ్చేసరికి కారిడార్ చివర అప్పగింత అయిపోయింది. కొత్తగా వచ్చిన అమ్మాయి ఇంకో గదిలోకి వెళ్ళిపోయింది. వెళ్ళిపోతున్న నర్సు సంచి భుజాన వేసుకుని కనిపించింది.

"అమ్మాయ్, అక్కకి కడుపు గట్టిపడుతోందట."

"అలాగేనండీ, నేను చెప్తాగా."

ఈలోగా మెట్ల దగ్గర్నుంచి ఎవరో కేకేశారు. ఆ నర్సు అటు వెళ్ళింది. అటునుంచటే ఇంటికి.

చెప్పేశాను కదా అని చెల్లెలు మంచం పక్కన కూర్చుని, ఎవరిదో జాకెట్టుకి హుక్కులు కుట్టుకుంది. కొత్త అమ్మాయి రెండుసార్లు తలుపు దగ్గర్నుంచే తొంగిచూసింది. మేడం నిద్రపోతున్నారని లేపడానికి జంకి వెళ్ళిపోయింది. అయిదింటికి అక్క మొహం పాలిపోయి, ఒళ్ళు చల్లబడ్డాక గాని ఎవరికీ తెలియలేదు, లోపల రక్తం పోతోందని. హడావిడిగా తీసుకెళ్ళారు. తిరిగి తీసుకురాలేదు.

"మేడం ముందు అప్పగింత చెప్పాలంటే వణుకండీ. ఏది వదిలేసినా పట్టేస్తారు. అందుకే దూరంగా వెళ్ళి చెప్పుకున్నాం" అంటూ, ఆవేళ ఇంటికెళ్ళిపోయిన నర్సు తర్వాత వెక్కివెక్కి ఏడ్చింది. చెల్లెలు ఆమెకి మంచినీళ్ళ గ్లాసు అందించింది. తను చెప్పాల్సింది ఒకరికి, చెప్పింది ఇంకొకరికి.

సంతాప సభలో పెద్ద డాక్టరు, ఇకమీదట అప్పగింతలన్నీ మంచం దగ్గరే అన్నాడు. రెండు నెలల తర్వాత ఆస్పత్రిలో అక్క బీరువాలోని సామాను తెచ్చుకోవడానికి వెళితే, కారిడార్ చివర ఇద్దరు నర్సులు టీ తాగుతూ అప్పగించుకుంటున్నారు. చెల్లెలు తల వంచుకుని వాళ్ళని దాటుకుంటూ వెళ్ళింది.

సబ్బుకీ అగ్గిపెట్టెకీ మళ్ళీ చెప్పించిన మనిషి ఆ ఒక్క మాటకి ఎందుకు చెప్పించలేదు? 'రెండు గంటలకొచ్చే అమ్మాయికి' అని ఒక్కసారి నోటితో అనుంటే, కాళ్ళు ఆ అమ్మాయి ఉన్న గదికే నడిచేవి. ఏ బట్ట కోస్తున్నా చెల్లెలికి ఇదే ఆలోచన. కత్తెరకి గుడ్డ సరిగ్గా తెగదు. సాన పట్టించడానికి మనసొప్పదు.

ఏడాది నిండాక గాని గురువారం క్లాసు అట్టముక్కల కట్ట విప్పలేకపోయింది. అన్నిటికంటే అడుగున ఉన్నదాని మీద అక్క గుండ్రటి రాత:

"రోగి ఇంటివాళ్ళ చేత తిరిగి చెప్పించవద్దు. బెదిరిపోతారు. ఒక్కసారి చెప్పి, కాసేపు చెయ్యి పట్టుకోండి."