కారం మానేసిన అక్క

గుంటూరు జిల్లాలో, అదీ మిరప పండించే ఇంట్లో, ఆరేళ్ళపాటు కారం ముట్టకుండా అన్నం తిన్న మనిషి మా అక్క ఒక్కతే అయ్యుంటుంది. డాక్టరేం వద్దనలేదు. అమ్మమ్మ నోరు అలాంటిది.

అక్కను మా మేనమామకే ఇచ్చారు. చిన్నప్పుడు మా ఇద్దరికీ తల దువ్విన అమ్మమ్మే అక్కకు అత్తగారైంది. మొదటి బిడ్డకు వినపడదని తేలిన రోజు నుంచీ ఆవిడది ఒకటే పాట.

"కడుపుతో ఉన్నదానివి, మిరప కల్లంలో కూర్చుని తాలు కాయలు ఏరొద్దే అని నెత్తీ నోరూ బాదుకున్నాను. విన్నావా? ఆ ఘాటుకే పిల్ల చెవులు మాడిపోయాయి."

ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళ ముందు ఇదే. పిల్లను పేరుతో పిలిచేది కాదు, "మూగది" అనేది, ఎలాగూ వినపడదు కదా అని. అక్క ఎదురు ఒక్క మాట అనేది కాదు. ఎందుకంటే తనూ నమ్మింది. తనకు తాను శిక్ష వేసుకున్నట్టు కారం మానేసింది. కల్లం వైపు వెళ్ళడమూ మానేసింది.

నేనేమో గుంటూరులో ఒక ప్రయోగశాలలో, కణాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో చూసే పనిలో ఉన్నాను. పక్కపక్క కణాల పొరల్లో సన్నటి దారులుంటాయి, గ్యాప్ జంక్షన్లంటారు. పిట్టగోడ మీంచి పక్కింటికి కూర గిన్నె అందించినట్టు, వాటిలోంచి లవణాలూ సంకేతాలూ అందుతుంటాయి. ఒక్క కణంలోకి మెరిసే రంగు ఎక్కిస్తే నిమిషాల్లో చుట్టూ ఉన్నవన్నీ వెలుగుతాయి. ఆ దారి కట్టే ప్రోటీను చెడితే మాత్రం రంగు ఎక్కించినది ఒక్కటే వెలిగి, మిగతావి నల్లగా ఉండిపోతాయి. లోపలి చెవిలో ఇలా జరిగితే బిడ్డ పుట్టుకతోనే చెవిటిది. మూడేళ్ళ కిందట ఆ సంగతి చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది పిల్ల కాదు, అమ్మమ్మ. దొరికావులే ముసలీ అనుకున్నాను.

అమ్మ, అక్క, మామయ్య, పిల్ల రక్తం ఇచ్చారు. అమ్మమ్మ ఒప్పుకోదని నాకు తెలుసు. షుగరు చూపిస్తానని గుంటూరు బ్రాడీపేట తీసుకెళ్ళి, నాకు కావలసిన రక్తం కూడా అప్పుడే తీయించాను. అది తప్పని తెలిసే చేశాను. వచ్చేటప్పుడు ఆటోలో నా చెయ్యి పట్టుకుని, "నువ్వొక్కదానివేనే నన్ను పట్టించుకునేది" అంది. నా మనసేం కరగలేదు.

రిపోర్టులు చేతికొచ్చిన ఆదివారమే ఊరెళ్ళాను. అక్క మళ్ళీ కడుపుతో ఉంది, ఏడో నెల. అందరం అన్నాలకు కూర్చున్నాం. అమ్మమ్మ అలవాటు ప్రకారం మొదలుపెట్టింది.

"ఈసారైనా బుద్ధి తెచ్చుకుని కల్లం తొక్కలేదు. వీడికి చెవులుంటాయి చూడు."

నేను కంచం పక్కకు జరిపాను.

"ఘాటూ లేదు, గీటూ లేదు అమ్మమ్మా. పిల్ల చెవుడు నీ రక్తంలోంచి వచ్చింది. నీ నుంచి మామయ్యకీ, నీ నుంచే అమ్మకీ, అమ్మ నుంచి అక్కకీ. ఒక వైపు నుంచే వస్తే ఏమీ కాదు. రెండు వైపుల నుంచీ కలిస్తేనే ఇలా అవుతుంది. మనవరాలిని కొడుక్కి కట్టబెట్టి కలిపింది నువ్వే."

అమ్మమ్మ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. ఎనభై ఏళ్ళ మనిషి మొహం అలా పాలిపోతుంటే నాకు సంతోషం వేసింది. అబద్ధం చెప్పను. ఆరేళ్ళ నింద ఒక్క మాటతో దించేశానని అక్క వైపు గర్వంగా తిరిగాను.

అక్క కడుపు మీద చెయ్యి పెట్టుకుని ఉంది.

"అయితే వీడికీ రావచ్చా?" అంది.

"రావచ్చు. ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు." క్లాసులో పిల్లలకు చెప్పినట్టే చెప్పాను.

"కల్లంలోకి వెళ్ళకపోయినా?"

"దానికీ దీనికీ సంబంధం లేదే."

మామయ్య తల ఎత్తలేదు.

"ఘాటు వల్లయితే ఈసారి దూరంగా ఉన్నాను కదా, వీడికేం కాదులే అని ఏడు నెలలు ధైర్యంగా ఉన్నానే," అంది అక్క. "ఆవిడ తిట్టేది, పడేదాన్ని. నా చేతిలో ఏదో ఉందనుకునేదాన్ని. నువ్వు అదీ లేకుండా చేశావు."

నాకు సిగ్గేసింది. అమ్మమ్మ నోరు మూయించడానికి మూడేళ్ళు కష్టపడ్డాను. కడుపుతో ఉన్న అక్కకు ఏం చెప్పాలో ఒక్క రోజు ఆలోచించలేదు.

అక్క పండుమిరప పచ్చడి జాడీ దగ్గరకు లాక్కుంది. గరిటెడు పచ్చడి వేసుకుని, నెయ్యి కూడా లేకుండా అన్నంలో కలుపుకుని తినడం మొదలుపెట్టింది. మూడో ముద్దకే కళ్ళూ ముక్కూ కారిపోతున్నాయి. ఇక్కడ ఏమైందో పిల్లకు ఒక్క ముక్క వినపడలేదు. అమ్మకు కారం తగిలిందనుకుని పరుగెత్తి వెళ్ళి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

అక్క గ్లాసు పక్కన పెట్టి, ఇంకో ముద్ద కలుపుకుంది.