ఆరడుగుల దారిలో కుర్చీ

జగ్గయ్యపేట సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో ముప్ఫయ్యేళ్లు దస్తావేజులు రాశాను. ఇల్లు కొనడానికి వచ్చేవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "మొత్తం ఎంతవుద్దండీ?" అది చెప్పగానే వాళ్ల సందేహాలన్నీ తీరిపోతాయి. చూపించిన చోటల్లా సంతకం పెట్టి, స్వీట్లు పంచి వెళ్లిపోతారు. జీవరత్నం టీచరు ఒక్కావిడే నోట్సు పుస్తకంలో పదకొండు ప్రశ్నలు రాసుకుని వచ్చింది. నాకు ఒళ్లు మండింది. ఆ సంగతి దాచను.

అది 1996 వేసవి. ఆవిడ పెనుగంచిప్రోలులో మండల పరిషత్తు స్కూలు టీచరు. తండ్రి ఇశ్రాయేలు మిరప చేలల్లో కూలి చేసి చదివించాడు. పెళ్లి మాట ఎవరెత్తినా, ముందు నాకంటూ ఒక గుమ్మం ఉండనీయండి అనేదట. ఆ గుమ్మం కోసం బ్యాంకులో హోమ్ లోన్ పెట్టుకుంది. అమ్మేది విజయవాడలో ఉద్యోగం చేసుకుంటున్న రాజరాజేశ్వరి గారు. జగ్గయ్యపేటలోనే బజారు మీద ఒక ఇల్లు, దాని వెనక ఆవిడ అమ్మే ఈ ఇల్లు. ముందింటి పక్కనుంచి ఆరడుగుల దారి. వెనకింట్లోకి వెళ్లడానికి అది తప్ప వేరే తోవ లేదు.

ఆ బజార్లో అంతవరకూ క్రైస్తవులకి ఇల్లు అమ్మినవాళ్లు లేరు. రాజరాజేశ్వరి గారికి నలుగురూ నచ్చజెప్పబోయారు. ఆవిడ వినలేదు. నేనూ నా వంతుగా టీచరుకి ఓ సలహా పారేశాను, కాలనీ వైపు మంచి స్థలాలున్నాయి కదమ్మా అని.

"ఉన్నాయండి. నాకు ఈ ఇల్లు కావాలి," అంది. ఆ మాటకి ముందూ వెనకా ఇంకేం లేదు.

తర్వాత పుస్తకం తీసింది. మూడో ప్రశ్న, ఆస్తి మీద ఏ లావాదేవీలు జరిగాయో చూపించే ఈసీ పదమూడేళ్లకే ఎందుకు తీస్తారు, అంతకు ముందు సంగతేంటి అని. అందరూ అంతే తీస్తారమ్మా అన్నాను. ఏడో ప్రశ్న, తూర్పు హద్దులో నడక దారి అని రాశారు, ఆ దారి ఎవరిది అని.

"నడిచేవాళ్లదమ్మా, ఇంకెవరిది?" అన్నాను. షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నా జవాబుని అక్షరం పొల్లుపోకుండా పుస్తకంలో రాసుకుంది. పదకొండో ప్రశ్న నన్ను గురించే. మీరు ఆ ఇల్లు ఎప్పుడైనా చూశారా అని.

చూడలేదు. మా వృత్తిలో ఎవరూ చూడరు. పాత దస్తావేజు ముందు పెట్టుకుని నాలుగు హద్దులూ ఉన్నవున్నట్టు ఎక్కించేస్తాం. పక్కింటాయన పోయి పాతికేళ్లయినా మా కాగితాల్లో ఆయన ఇంకా పడమటి హద్దుగా బతికే ఉంటాడు. అదేదో గొప్పగా చెప్పి, ఆవిడ దస్తావేజూ అలాగే రాసిచ్చి పంపేశాను.

ఐదేళ్ల తర్వాత ఆ ముందిల్లు చేతులు మారింది. కొన్నది భావనారాయణ, ముక్త్యాల వైపు సిమెంటు లారీలు తిప్పే ఆసామి. ఆ దస్తావేజూ నేనే రాశాను. పాత కాగితంలో ఉత్తరపు హద్దు పక్కింటి భారతీదేవి గారి ప్రహరీ అని ఉంటే అదే ఎక్కించాను. భారతీదేవి గారి ప్రహరీకీ ఆ ఇంటికీ మధ్యనే టీచరు నడిచే దారి ఉందని నాకు తోచనేలేదు. అంటే ఒక దస్తావేజులో నేను ఉందని రాసిన దారిని రెండో దస్తావేజులో నేనే భావనారాయణకి కట్టబెట్టేశాను.

2004లో అది బయటపడింది. పాత బ్యాంకులో వడ్డీ ఎక్కువని టీచరు లోన్‌ని ఇంకో బ్యాంకుకి మార్చుకోబోయింది. కొత్త బ్యాంకు లాయరు చుట్టుపక్కల కాగితాలు కూడా తిరగేసి, ఈ ఇంటికి దారి హక్కు కనబడటం లేదు, తాకట్టుకి పనికిరాదని రాసేశాడు. ఆ కబురు భావనారాయణ చెవిన పడింది. దారి తనదేనని, గోడ కడతానని అన్నాడు. ఆ గోడ లేస్తే టీచరు తన ఇంట్లోకి తను వెళ్లలేదు. అప్పుడిక భావనారాయణ చెప్పిన ధరకి భావనారాయణకే అమ్ముకుని పోవాలి. అతనికి కావలసిందీ అదే.

మేస్త్రీని ఆదివారం పొద్దున పంపించాడు. టీచరు చర్చికి పోయి ఉంటుందని లెక్క. ఆ రోజు ఆవిడ పోలేదు. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి దారికి సరిగ్గా మధ్యలో వేసుకుని, ఒళ్లో పరీక్ష పేపర్లు పెట్టుకుని దిద్దుతూ కూర్చుంది. మేస్త్రీ చుట్టూ తిరిగాడు, బీడీ కాల్చాడు, కాసేపు ఇటుకలు ఎత్తాడు, దించాడు. మధ్యాహ్నానికి పలుగూ పారా తీసుకుని వెళ్లిపోయాడు.

సంగతి తెలిసి నేను పరుగెత్తాను. ఆ దారిలో కాలు పెట్టడం అదే మొదలు. ఎండలో ఎందుకమ్మా ఈ గొడవ, లోపలికెళ్లి కూర్చోమన్నాను.

"దారి నడిచేవాళ్లదని మీరేగా చెప్పారు. ఎనిమిదేళ్లుగా నడుస్తున్నా. ఇవాళ కూర్చున్నా," అంది తలెత్తకుండా. నాకు సిగ్గేసింది. చేసిన తప్పుకి కాదు, ఆ రోజు అందర్నీ నవ్వించినందుకు.

ఊరికే కూర్చునే మనిషి కాదు ఆవిడ. రాజరాజేశ్వరి గారికి ఫోన్ చేసి ఆ కుటుంబం చరిత్రంతా అడిగింది. రెండిళ్లూ ఒకప్పుడు ఒక్కటేనని, రాజరాజేశ్వరి గారి మామగారూ ఆయన అన్నగారూ పంచుకున్నారని, వాళ్లకి నందిగామ దగ్గర పొలం కూడా ఉండేదని తెలిసింది. పొలం అక్కడుంటే పంపకాలు అక్కడే రిజిస్టరు చేసి ఉండొచ్చని టీచరుకి తట్టింది. ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్న నాకు తట్టలేదు. సెలవు పెట్టి నాలుగుసార్లు నందిగామ బస్సెక్కింది. అయిదోసారి 1958 నాటి పంపకాల దస్తావేజు నకలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అందులో ఆరడుగుల దారి ఉభయులకూ, వారి వారసులకూ, కొన్నవారికీ ఉమ్మడి అని స్పష్టంగా ఉంది. ఆవిడ మూడో ప్రశ్నకి జవాబు అది. పదమూడేళ్ల ఈసీలో ఎలా దొరుకుతుంది?

ఆ నకలు సంగతి తెలిసి భావనారాయణ నా దగ్గరకే వచ్చాడు. నా పాత గిరాకీ, ఏడాదికి రెండు మూడు దస్తావేజులు ఇచ్చే మనిషి. టీచరు అక్కడే బెంచీ మీద కూర్చుని ఉంది. ఆ నకలు ఎగాదిగా చూసి, ఇలాంటి పాత కాగితాలు చాలా చూశాం, చెల్లదు అన్నాడు.

"చెల్లకపోతే మీ ఇల్లు కూడా మీది కాదండి," అంది టీచరు. "మీకు అమ్మినాయనకి ఆ ఇల్లొచ్చింది ఈ కాగితం వల్లే. కావాలంటే మీకు అప్పిచ్చిన బ్యాంకుకి కూడా ఒక నకలు పంపిస్తా."

అతను నా వంక తిరిగాడు. "ఏవయ్యా ప్రసాదూ, నా దస్తావేజు రాసింది నువ్వు. నువ్వు చెప్పు."

నా గిరాకీ పోతుందని తెలుసు, బజార్లో పరువూ పోతుందని తెలుసు. అయినా చెప్పాను. "స్థలం చూడకుండా రాశానండి. రెండు దస్తావేజులూ అంతే. కోర్టుకెళ్తే అక్కడా ఇదే చెప్తా."

అతను ఆ రోజు విసురుగా వెళ్లిపోయాడు. రెండు వారాలు నాన్చి, సొంత లాయరు కూడా అదే మాట చెప్పాక, ఉమ్మడి దారి ఒప్పంద దస్తావేజుకి ఒప్పుకున్నాడు. మళ్లీ నా దగ్గరికి ఏ పనికీ రాలేదు.

రాసేముందు టీచరు నన్ను టేపు పట్టుకుని రమ్మంది. బజారు వైపు ఆరడుగులుంది. లోపలి వైపు అయిదడుగుల తొమ్మిదంగుళాలే వచ్చింది. భావనారాయణ కట్టించిన మెట్టు మూడంగుళాలు తినేసింది. పోనిద్దాం టీచరుగారూ అన్నాను. పోనివ్వలేదు. ఆ మెట్టు చెక్కించాకే సంతకం పెట్టింది. కొత్త బ్యాంకు లోన్ ఇచ్చింది. పాత బ్యాంకు వాపసిచ్చిన కాగితాల్ని కౌంటరు దగ్గరే నిలబడి ఒక్కో పేజీ తిప్పి చూసుకున్నాకే పక్కకి జరిగిందట.

రిజిస్ట్రేషన్ అయిన రోజు అందరూ వెళ్లిపోయాక ఫీజు మాట వచ్చింది. నేను మొహమాటపడుతూ మీ ఇష్టం అన్నాను. ఆవిడ పుస్తకం సంచిలో పెట్టుకుంటూ, "తొంభై ఆరులో ఇచ్చాగా భవానీప్రసాద్ గారూ. ఆ పని మీరు ఇవాళ చేశారు," అని లేచి తన ఇంటికి తన దారిన నడిచి వెళ్లిపోయింది.