మేనమామకు నేనిచ్చిన అడ్రసు

2023 చలికాలం. సికింద్రాబాద్‌లో పెళ్లిళ్లు ప్లాన్ చేసే పనిలో అప్పటికి నాకు పద్నాలుగేళ్లు. ఫంక్షన్ హాళ్లూ, బఫేల దగ్గర తోపులాటలూ చూసి చూసి విసుగొచ్చి, చిన్న పెళ్లిళ్లు ఒప్పుకోవడం మొదలుపెట్టాను. మా లైన్‌లో వాటిని ‘ఎలోప్‌మెంట్ వెడ్డింగ్’ అంటాం. తెలుగులో చెప్పాలంటే లేచిపోయి చేసుకోవడమే. కాకపోతే పూలు, ఫోటోగ్రాఫరు, పదిమందికి మంచి భోజనం ఉంటాయి.

శ్రావణిది బోయిగూడ. శామ్యూల్ తిరుమలగిరిలో స్కూల్ టీచర్. అబ్బాయి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. అమ్మాయి ఇంట్లో ఒప్పుకోలేదు. అడిగినందుకు వేరే సంబంధం చూడటం మొదలుపెట్టారు. మతాలు వేరు కాబట్టి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్ట్రేషన్. దానికి ముందు నోటీసు ఇవ్వాలి. పేర్లు, అడ్రసులతో సహా అది ముప్పై రోజులు ఆఫీసు బోర్డు మీద ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు. అంతకుముందు ఒక పెళ్లిలో అలా చదివినవాళ్లెవరో అమ్మాయి ఇంటికి కబురు మోసేశారు. పెళ్లికూతురి బాబాయిలు నా కళ్లముందే ఆ పిల్లను ఈడ్చుకెళ్లి ఆటో ఎక్కించారు. ఆ రోజు నుంచి నేను నా నీడను కూడా నమ్మను.

అందుకే పెళ్లిరోజు పొద్దున్నే జంట ఫోన్లు స్విచాఫ్ చేసి నా బ్యాగులో వేసుకుంటాను. డిన్నర్ ఎక్కడో అతిథులకు నేనే, గంట ముందు చెబుతాను. తెలియనివాళ్లు అడిగితే చెప్పడానికి ఒక ‘డమ్మీ వెన్యూ’, అంటే ఉత్తుత్తి అడ్రసు, సిద్ధంగా ఉంచుకుంటాను.

శ్రావణి ఇచ్చిన గెస్ట్ లిస్టులో పదకొండు పేర్లున్నాయి. ప్లేట్లు మాత్రం పన్నెండు చెప్పింది.

“పన్నెండో మనిషెవరమ్మా?” అని అడిగాను.

“వస్తే మీకే తెలుస్తది మేడమ్. పేరు రాయొద్దన్నరు.”

పేరు చెప్పని అతిథంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పిల్లను కూడా ఒక కంట కనిపెట్టడం మొదలుపెట్టాను.

పెళ్లిరోజు మధ్యాహ్నానికి సంతకాలయ్యాయి. దండలు మార్చుకోవడం సాయంత్రం, క్లాక్ టవర్ దగ్గర ఒక రెస్టారెంట్ పై అంతస్తులో. ఐదింటికి నాకు ఫోనొచ్చింది.

“మేడమ్, నేను శ్రావణి మేనమామను. పిల్ల ఫోన్ కలుస్తలేదు. మీ నంబర్ ఆమెనే ఇచ్చింది. డిన్నర్ ఏడనో జెర చెప్పున్రి.”

గొంతు మెత్తగానే ఉంది. ఆ బాబాయిలు కూడా మొదట మెత్తగానే మాట్లాడారు. పక్కగదిలో శ్రావణి జడ వేయించుకుంటూ నవ్వుతోంది. వెళ్లి అడుగుదామా అనుకున్నాను. నవ్వే పిల్లను ఎందుకు బెదరగొట్టడం అనిపించింది. చిలకలగూడలో మూతపడిన ఒక హోటల్ అడ్రసు చెప్పి, ఆ నంబర్ బ్లాక్ చేశాను. గండం గడిచిందని నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఏడయింది. అందరూ వచ్చారు. శ్రావణి మాత్రం గుమ్మం దగ్గరే నిలబడింది. “ఇంకో పది నిమిషాలు మేడమ్” అంది. పది నిమిషాల తర్వాత మళ్లీ అదే మాట. పిల్ల మనసు మారిందేమోనని ఇప్పుడు కొత్త అనుమానం. శామ్యూల్ వాళ్లమ్మ నా దగ్గరకొచ్చి, “ఏమైనా ఇబ్బందా అండీ?” అని మెల్లగా అడిగింది.

చివరికి శ్రావణే బయటపడింది. “మా మామ మీకు ఫోన్ చేయలేదా? పీటల దగ్గరికి మేనమామనే తోలుకొస్తడు కదా మేడమ్. నా చెయ్యి పట్టుకొని ఈ గుమ్మం నుంచి ఆడిదాంక తీస్కపోత అన్నడు. ఇంట్ల తెలిస్తే పరేషాన్ అయితదని పేరు రాయొద్దన్నడు. మావోళ్లల్ల వస్త అన్నది ఆయనొక్కడే.”

నేను చేసింది చెప్పి, బ్యాగులోంచి ఆమె ఫోన్ తీసిచ్చాను. ఆమె స్పీకర్ పెట్టి మామకు కలిపింది.

“మామా, నేను...”

అవతల టీవీ మోత. “ఎవర్రా?” అని ఇంకో మగగొంతు. ఆ గొంతు వినగానే శ్రావణి ముఖం పాలిపోయింది. అది వాళ్ల నాన్నది.

“రాంగ్ నంబర్ బావా” అన్నాడు మేనమామ. తర్వాత ఫోన్‌లోకి, “రాంగ్ నంబరమ్మా. నువ్వెవరో గానీ, సల్లగుండు బిడ్డా” అని పెట్టేశాడు.

చిలకలగూడలో మూసిన షట్టర్ ముందు గంటన్నర నిలబడ్డాడట. పిల్ల తనను వద్దనుకుందేమోనని శ్రావణి వాళ్లింటికే తిరిగిపోయాడట. ఇదంతా శ్రావణికి వారం తర్వాత తెలిసి, నాకు చెప్పింది.

ఆ సాయంత్రం గుమ్మం నుంచి టేబుల్ దాకా ఆమె ఒక్కతే నడిచింది. నేను చెయ్యి చాపాను. వద్దంది. భోజనాలయ్యాక క్షమించమని అడిగితే, కోపం లేకుండానే జవాబిచ్చింది.

“మంచికే చేసిన్రు మేడమ్, నాకు తెల్సు. కానీ నన్నొక్క మాట అడిగితే అయిపోతుండె. మా ఇంట్ల సుత ఎవ్వరు అడగరు.”

నేను కాపలా కాస్తున్నాననుకున్నాను. ఆమె నన్ను ఇంటివాళ్ల పక్కన నిలబెట్టింది, అదీ న్యాయమే. అనుమానం ఈ వృత్తిలో ఇప్పటికీ అవసరమే, మానుకోలేదు. కానీ ఇప్పుడు ఏ ఫోనొచ్చినా ముందు పెళ్లికూతురి దగ్గరకే వెళతాను. ఆమె నవ్వుతున్నా సరే, ఆపి అడుగుతాను.